తొండ ఎర్రబడితేనే ఉల్లిపాయలు అమ్మాలట

"మామ్మా, పిట్టగోడ మీద నిన్న ఎర్ర తల తొండ ఉంది. ఇవాళ అక్కడే గీతలున్న మట్టిరంగుది కూర్చుంది. రెండూ ఒకటేనా? కాలేజీలో తొండల ఫొటోలు తెమ్మన్నారు."

ఏదీ, ఆ ఫోను ఇలా తే. కళ్లజోడు లేకపోతే నాకు తొండా ఒకటే, మీ నాన్నా ఒకటే. ఆఁ... ఇదా! ఇది ఆడదమ్మా. నిన్నటిది మగది. ఇదిగో, వీపు మీద అటొకటి ఇటొకటి లేత గీతలు, చూశావా? పిల్ల తొండలక్కూడా ఇలా చారలే, మగపిల్లైనా సరే. మగది ఎదిగాక, ఎండలు ముదిరి తొలకరి పడే రోజులొస్తే అప్పుడు తలా మెడా ఎర్రగా చేసుకుని, గొంతు పక్కన నల్లమచ్చ పెట్టుకుని, పెళ్లికొడుకులా గోడెక్కి తలాడిస్తుంది. ఇంకో మగదాంతో కొట్లాడి ఓడిపోయిందనుకో, చిటికెలో రంగంతా దిగిపోతుంది. చలికాలం వస్తే అన్నీ మట్టిరంగే. నవ్వకు! ఈ మాట తెలియకే మన కొంప మునగబోయింది.

మీ ముత్తాత, అదే, మా మామగారు, ఇక్కడే మన గూడెం ఊళ్లో ఉల్లిపాయల వ్యాపారం. ఈ వీధరుగు మీదే కూర్చునేవారు. ఇప్పుడు మీ నాన్న బండి పెడతాడే, అక్కడ ఉల్లిపాయలు నిలవేసే కొట్టు. మనిషి బంగారం అనుకో, నోరు మాత్రం... సరేలే, పోయినాయన్ని ఏమంటాం. ఆయనకో నమ్మకం. ఎదురుగా కంచె గుంజ మీద ఒక తొండ ఉండేది. దాని తల ఎర్రబడితే ఉల్లి ధర లేస్తుందని. ఆయ్, నిజంగానే! వేసవిలో సరుకు నింపడం, తొండ ఎర్రబడ్డాక అమ్మడం. ఏటా లాభమే. మరి వానలకి తొండా ఎర్రబడుతుంది, వానలకి ఉల్లి ధరా లేస్తుంది. ఇందులో తొండ గొప్పేముంది చెప్పు? కానీ ఆయనతో ఎవరంటారు? పైగా బజార్లో వాళ్లు కూడా "ఏవండీ, మీ తొండ ఏమంటోందండీ?" అని అడిగి మరీ పోయేవారు.

నేను కాపరానికొచ్చిన ఏడు ఆ తొండని జెముడుకాకి ఎత్తుకుపోయింది. వాకిట్లో ముగ్గేస్తూ నా కళ్లతో చూశాను. తర్వాత ఇంకోటి వచ్చి అదే గుంజెక్కింది. ఆడది. మా పుట్టిల్లు కలిదిండి కదా, ఇప్పుడంటే అంతా చేపల చెరువులు గానీ, అప్పుడు ఇంటికో ముళ్లకంచె, కంచెకో తొండ. మా పెద్దక్కా నేనూ వాటికి పెళ్లిళ్లు చేసేవాళ్లం. పెద్దక్కంటే నరసాపురం ఆవిడ కాదు, ఆవిడ రెండోది. ఏం చెప్తున్నాను? ఆఁ, ఆడది. అది ఎన్నాళ్లు కూర్చుంటే మాత్రం ఎర్రబడుతుందా!

మామగారికేమో అది పాత తొండే. పొద్దున్నే కాఫీ తాగి, కళ్లజోడు తుడుచుకుని, దాన్ని చూసి "ఇంకా రంగు రాలేదర్రా, ఆగండి" అనడం. వానలు పడ్డాయి. ధర లేచింది. అందరూ అమ్మేసుకున్నారు. మా కొట్లో ఉల్లిపాయలకి మొలకలొచ్చి, ఆ తర్వాత కుళ్లడం మొదలెట్టాయి. అబ్బబ్బబ్బ, ఆ కంపు! మా వీధిలోకి ముష్టివాళ్లు కూడా రావడం మానేశారు. ఇంటిల్లిపాది తిండీ ఆ కొట్లోనే ఉంది మరి, సరుకు పోతే వీధిన పడ్డట్టే. మీ తాత "అమ్మేద్దాం నాన్నగారూ" అని బతిమాలితే, "నీకు తెలుసా, తొండకి తెలుసా?" అని గద్దించేవారు.

నాకు తెలుసు! కానీ మా రోజుల్లో కొత్త కోడలు మామగారి ఎదటపడి మాట్లాడకూడదు. తలుపు వెనకాల నిలబడి అత్తగారితో అనాలి, ఆవిడ ఆయనకి చెప్పాలి. ఉప్పు కావాలన్నా అంతే. సరే, "అత్తయ్యగారండీ, అది ఆడదండీ" అన్నాను. ఆవిడ చేట కింద పడేసి నవ్వింది. "తొండకి ఆడా మగా ఏంటే! పోయి కుళ్లినవి ఏరు" అంది. మీ తాతేమో "నువ్వూరుకో, నన్ను చంపేస్తారు" అన్నారు.

ఓ రోజు కొట్లోంచి కుళ్లునీళ్లు కారి అరుగు కిందకి వచ్చేశాయి. ముఠా కూలీలు ముక్కులకి తువ్వాళ్లు కట్టుకుని నిలబడ్డారు. మీ తాత కళ్లమ్మట నీళ్లు, కంపుకో ఏడుపుకో దేవుడికే తెలియాలి. అదిగో, అప్పుడే ఆ తొండ గుంజ దిగి, మట్టి గోకి, గుడ్లు పెట్టడానికి కూర్చుంది. మామగారు దాన్నే చూస్తూ "మేతకి తవ్వుతోంది. కాస్త బలం పట్టాక రంగొస్తుంది" అంటున్నారు.

ఇంక నావల్ల కాలేదమ్మా. తలుపు తోసుకుని అరుగు మీదకే వెళ్లిపోయాను. "మామయ్యగారండీ, అది గుడ్లు పెడుతోందండీ. అది ఆడదండీ. చచ్చినా ఎర్రబడదండీ" అనేశాను.

ఒక కూలీ కిసుక్కుమని, తువ్వాల్లో దగ్గినట్టు నటించాడు. మామగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ తొండని చూశారు. చివరికి, "ఆడదైతే మాత్రం? దానికి కోపం రాదా, మొహం ఎర్రబడదా?" అన్నారు.

లోపల్నుంచి మా అత్తగారి గొంతు. ఆవిడ మాట వీధిలోకి వినపడ్డం అదే మొదలు. "ఎందుకు రాదండీ? నాకు పెళ్లైన దగ్గర్నుంచీ వస్తూనే ఉంది. మీరెప్పుడైనా నా మొహం వంక చూస్తేగా!"

అంతే. ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని, "బళ్లు కట్టించరా" అన్నారు మీ తాతతో. ఏరితే సగం పైనే మంచివి మిగిలాయి, దేవుడి దయ. ఇల్లు నిలబడింది. ఆ పూట భోజనాల దగ్గర ఆయన కంచం వంక చూస్తే ఒట్టు, మా అత్తగారి మొహమే చూస్తూ తిన్నారు. "ఏంటండీ ఆ చూపు, కోడలుంది" అంటూ ఆవిడ... అబ్బో, ఆ మొహం నువ్వు చూడాలి, ఎంత ఎర్రగా...

సరే, వెళ్లి ఫొటోలు తీసుకో, దాన్ని బెదరగొట్టకు. నీక్కూడా తీరిగ్గా నీ మొహం చూసే మనిషి దొరకాలి తల్లీ. ఫోను చూసేవాడు కాదు...