రాజమాణిక్యం అన్‌డూ నొక్కితే

ఆ ఆదివారం సాయంత్రం షణ్ముగం తన అంగడి పెందలాడే మూసేసి, కూతురు ప్రీతికను వెంటబెట్టుకొని, ఆ పిల్ల లాప్‌టాప్‌ను జొరమొచ్చిన బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకొని, తిరుత్తణి స్టేషను ముందరుండే ఏళుమలై టీ అంగడికి వచ్చినాడు.

కొండమింద గుడికి పోయే దారిలో ఆయనది ఇత్తడి దీపాల అంగడి. దీపానికి ఏం జబ్బొచ్చినా గోటితో కొట్టి, ఆ చప్పుడు విని చెప్పేస్తాడు. కూతురి లాప్‌టాప్‌కు ఏమొచ్చిందో మాత్రం ఆయనకు అంతుబట్టలేదు.

ప్రీతికది కాలేజీలో ఆఖరి సంవత్సరం. తిరుత్తణి బస్టాండులో చిత్తూరు బస్సు ఎప్పుడు, తిరుపతి బస్సు యాడ నిలబడుతుంది అని కొండకొచ్చే జనానికి చెప్పే ప్రోగ్రాము ఒకటి చాన్నాళ్ళుగా రాస్తా వుంది. తెల్లారితే దాన్ని కాలేజీలో అయ్యవార్ల ముందర నడిపించి చూపించాల. సరిగ్గా శనివారం నాడు, ప్రోగ్రాములు రాసే ఎడిటరు ‘కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకుంటావా’ అని అడిగింది. ఈ పిల్ల సరేననింది. ఆదివారం పొద్దున తెరిచి చూస్తే సగం పదం కొడితే మిగతా సగం అందించే సాయం లేదు. తప్పు రాస్తే కింద పడే ఎర్రగీత లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రోగ్రామును నడిపించే బటన్ వుండే చోట బటనే లేదు. తీసేసి మళ్ళీ వేసింది. ఆపి మళ్ళీ పెట్టింది. ఏడవలేదు గానీ మధ్యాన్నం అన్నం తినలేదు. అది చూసి షణ్ముగం తట్టుకోలేకపోయినాడు. ఊళ్ళో కంప్యూటరు రిపేరు అంగళ్ళన్నీ ఆదివారం మూత. ఎవురో అన్నారు, రాజమాణిక్యం వుండాడు గదా అని.

రాజమాణిక్యం తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాడు. పని రాదని ఆయన్ను ఎవురూ అనరు. కాకపోతే ఆయనకు చేతికన్నా నోరు ముందర పోతుంది. ఆదివారమైతే ఏళుమలై అంగట్లో గోడ పక్కనుండే బెంచీ ఆయనదే.

షణ్ముగం సంగతంతా చెప్పి, “మాణిక్యం, రవంత చూసిపెట్టు నాయనా” అన్నాడు.

రాజమాణిక్యం లాప్‌టాప్ వైపు చూడను కూడా చూడలేదు. “కూచో బావా. ఇదేం పెద్ద జబ్బు గాదులే. దీని తాతను చూసినా నేను” అన్నాడు. అట్టని ఏళుమలైకి వేలు చూపించి అందరికీ టీ పెట్టమన్నాడు. టీ పెట్టమన్నాడంటే కథ మొదలైనట్టే. రోజూ లోకల్ బండిలో తిరువళ్ళూరు ఫ్యాక్టరీకి పోయొచ్చే హేమనాథ్ అప్పుడే కాళ్ళు చాపుకొని సర్దుకొని కూచున్నాడు. ప్రీతిక బెంచీ చివర కూచొని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని మళ్ళీ తెరిచింది.

“మా ఆఫీసులో ఒక సోమవారం పొద్దున అందరి ఎడిటర్లూ ఒక్కసారిగా కొత్త వెర్షన్ ఎక్కించుకునేసినాయి బావా. ఎక్కించుకున్నాయో లేదో, సగం పదం కొడితే మిగతాది అందిస్తుందే, అది మాయం. పిల్లకాయలంతా చేతులు గాల్లో పెట్టుకొని కూచున్నారు. ఒక్కడికీ పూర్తి పదం రాదు గదా, ఇన్నాళ్ళూ అదే అందిస్తా వుణ్ణింది. నేను పోయినా. పాత వెర్షన్ మిగిల్చిపోయిన ఫోల్డరు ఒకటి వుంటే తీసి పారేసినా. మూసినా, తెరిచినా. వచ్చేసింది.”

షణ్ముగానికి ప్రాణం లేచొచ్చింది. ఆ మాత్రం చేస్తే చాలు, మా పిల్లకూ అట్టనే మూసి తెరిచి ఇచ్చేయమని అడగబోయినాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అన్నాడు రాజమాణిక్యం.

షణ్ముగం చెప్పమని తల ఊపినాడు. పని కావాల్సినోడు మాటకు అడ్డం పోకూడదని అంగడి పెట్టిన నాటినుంచి ఆయనకు తెలుసు.

ఆ తర్వాత ఏమైందంటే, పోయిన సాయం ఉత్తగా రాలేదంట, బలం పట్టించుకొని వచ్చిందంట. మొదట సగం పదానికి పదం ఇచ్చింది. మధ్యాన్నానికి ఒక్క అక్షరం కొడితే పేజీ ఇచ్చింది. సాయంత్రానికి కొట్టే పనే లేదు, మనిషి ఎదురుగా కూచొని తల గోక్కుంటే చాలు, తలలో వుండేదంతా తెరమింద పడిపోయేది. ఒక పిల్లోడు బిల్లుల ప్రోగ్రాము రాయాల్సినోడు ఇంటికాడి కూర గురించి అనుకుంటా వుంటే, చింతపండు ఎంత, మెంతులు ఎంత, తిరగమోత ఎప్పుడు అని అంతా రాసేసిందంట. ఆ ప్రోగ్రామును నడిపిస్తే ఆఫీసంతా పులుసు వాసన.

“మా మేనేజరు తలుపు తీసుకొని లోపలికొచ్చి ‘రాజ’ అని నోరు తెరిచినాడు, అంతే. ఆ రెండక్షరాలకే ఎడిటరు మిగతాది అందించేసింది. ‘రాజమాణిక్యం లేకపోతే ఈ ఆఫీసే లేదు.’ పెద్ద అక్షరాల్లో.”

“ఆయన అనబోయింది ఆ మాటేనా అన్నా?” అని అడిగినాడు హేమనాథ్.

“అది తప్పు అందించదు తమ్ముడా” అన్నాడు రాజమాణిక్యం.

ఏళుమలై టీలు తెచ్చిచ్చినాడు. షణ్ముగం గ్లాసు పట్టుకొని వారగా కూతురి పక్క చూసినాడు. ఆ పిల్ల తల ఎత్తకుండా తెరనే చూస్తా వుంది. బయట రేణిగుంట పోయే బండి వచ్చి నిలబడింది. పసుపు గుడ్డలు కట్టుకున్న జనం కొండ దిగొచ్చి, గుండ్లకు గంధం పూసుకొని పరిగెత్తి ఎక్కుతా వుండారు. రాజమాణిక్యం ఆ సందడి తగ్గేదాకా కాచుకొని మళ్ళీ ఎత్తుకున్నాడు. మంచి కథను బండి చప్పుడులో పోగొట్టుకునే మనిషి కాదాయన.

ఆ సాయం సర్దుకునిందంటే ఈసారి వెతికే పని చెడిపోయిందంట. ఫలానా మాట యాడుందో చూపించమంటే ఎడిటరు గుడ్డిదాని మాదిరి తడుముకుంటా వుణ్ణింది. ఆఫీసు ప్రోగ్రామా, రామాయణమంత పొడుగు. రాజమాణిక్యం నిలబడుకొని అదంతా ఒక్క చూపుతో చదివేసినాడు. పిల్లకాయలు మాట చెప్తే చాలు, అది ఏ వరసలో వుందో కళ్ళు మూసుకొని చెప్పేవాడు. కొన్నాళ్ళకు చుట్టుపక్కల ఆఫీసులోళ్ళు కూడా వచ్చి వరస కట్టినారు. పోయిన బీరువా తాళం యాడుందని ఒకరు, పూండి చెరువు పక్క మేతకు పోయి రాని గేదె యాడుందని ఒకరు. అన్నిటికీ చెప్పినాడు. అది చూసి సిగ్గుపడి ఎడిటరు తన వెతుకులాట తానే బాగు చేసుకునింది.

“గేదె దొరికిందా అన్నా?” అన్నాడు ఏళుమలై, పాలు మరగేస్తా.

“దొరికింది. ఈనింది కూడా. నువ్వు పోసే పాలు దానివే అయింటాయి.”

హేమనాథ్ గ్లాసులోకి ఒకసారి చూసుకొని తాగినాడు.

షణ్ముగానికి లోపల లోపల ఉడుకుతా వుంది. పొద్దు కొండ వెనక్కి దిగతా వుంది. మాణిక్యమేమో చేతులు ఊపేదానికి తప్ప దేనికీ వాడడంలేదు. అయినా షణ్ముగం అట్టనా అన్నట్టు అరవంలో ‘అప్పిడియా’ అన్నాడు, తల ఊపినాడు, ఒకచోట ‘అబ్బా’ అని కూడా అన్నాడు. రేపు పిల్ల అందరి ముందర బటన్ లేని తెర పెట్టుకొని నిలబడి వుండేది కళ్ళకు కడతా వుంటే, ఇంకేం చేస్తాడు.

“అసలు కథ ఇంకా రాలేదు బావా” అన్నాడు రాజమాణిక్యం. “ఆ తర్వాత అన్‌డూ పోయింది. చేసిన తప్పును వెనక్కి తీసుకుంటుందే, అది. నేను మరమ్మత్తు చేసినా. రొంత జాస్తిగా చేసినట్టుంది. ఒకసారి నొక్కినా, రాసిన తప్పు పోయింది. మళ్ళీ నొక్కినా, తాగేసిన టీ గ్లాసులోకొచ్చింది, వేడిగా. ఇదేందిరా అని ఇంకోసారి నొక్కినా. తిరువళ్ళూరు స్టేషను వదిలి పోయిన తిరుత్తణి లోకల్, వెనక్కి నడుచుకుంటా వచ్చి ప్లాట్‌ఫారం మింద నిలబడింది.”

హేమనాథ్ లేచి కూచున్నాడు. అది ఆయన రోజూ ఎక్కే బండి. “నేను దాంట్లోనే వుంటాను గదన్నా. నాకు తెలీలేదే.”

“యాడ తెలస్తుంది. నీకు తెలిసింది కూడా వెనక్కి పోయింది గదా.”

రాజమాణిక్యం ఇంక ఆగలేదు. పూండి చెరువు నుంచి మద్రాసుకు పోయిన నీళ్ళు కాలవలో ఎదురెక్కి వచ్చేసినాయంట. మద్రాసులో స్నానానికి కూచున్నోళ్ళు ఒంటినిండా సబ్బు నురగతో కొళాయి వైపు చూస్తా అట్టనే వుండిపోయినారంట. తిరుత్తణి కొండమింద గొరిగించుకున్న గుండ్లకు మెట్లు దిగే లోపలే జుట్టు మొలిచేసి, మంగళ్ళందరూ గొడవకొచ్చినారంట. గుమ్మిడిపూండిలో కరగబోసిన ఇనుము మళ్ళీ పాత సైకిళ్ళయిపోయి ఫ్యాక్టరీ గేటు బయటికొచ్చి స్టాండు వేసుకొని నిలబడినాయంట.

“ఇంకొక్కసారి నొక్కింటే నేను కూడా బడికి పోయే పిల్లోడినైపోయేవాణ్ణి. అప్పుడు ఈ లోకాన్ని ముందరికి తెచ్చేది ఎవురు? అది ఆలోచించే చెయ్యి తీసేసినా” అన్నాడు.

ఆ సంగతి సముద్రానికి అవతల, ఎడిటరు చేసేవాళ్ళ చెవిన పడిందంట. విమానమేసుకొని వచ్చేసినారంట, చిన్నా పెద్దా అందరూ. అయ్యా మేము చేసింది మాకే అర్థం గావడంలేదు, మీ కాళ్ళు మొక్కుతాం అన్నారంట. రాజమాణిక్యం నా కాళ్ళెందుకు, రండి అని వాళ్ళను తిరుత్తణి తోలుకొచ్చి, కావడి ఎత్తించి, గుండ్లు కొట్టించి, మొక్కు కింద ఒక్కొక్కరి చేతా నిలువెత్తు ఇత్తడి దీపం కొనిపించినాడంట.

“ఏం బావా” అని షణ్ముగం తట్టు తిరిగినాడు. “నీ అంగట్లోనే గదా కొనింది వాళ్ళు?”

అందరూ షణ్ముగం పక్క చూసినారు. అతుకు పెట్టిన దీపమైతే అడగకముందే ఇది అతుకమ్మా అని చెప్పి అమ్మే మనిషి ఆయన. గుండు కొట్టించుకున్న తెల్లోడు ఒక్కడూ ఆయన అంగడి మెట్టెక్కింది లేదు. కాదంటే మాణిక్యం మొగం మాడుతుంది, లాప్‌టాప్ ముట్టుకోడు.

“వచ్చింటారు” అన్నాడు షణ్ముగం, నేలకు చెప్పినట్టు.

ప్రీతిక తల ఎత్తి నాయన మొగంలోకి చూసింది. మళ్ళీ తెర మిందికి వంగింది. షణ్ముగానికి ఆ చూపు సూది మాదిరి దిగింది.

సాక్షి దొరికినాక రాజమాణిక్యానికి పగ్గం యాడిది. ఆ దీపాలు చంకన పెట్టుకొని వాళ్ళు ప్రమాణం చేసినారంట, ఇంకమింద లోకంలో ఏ ఎడిటరుకు కొత్త వెర్షన్ విడవాలన్నా ముందు రాజమాణిక్యం సెలవు తీసుకుంటామని. ఆయన ఊ అంటేనే వెర్షన్, లేకుంటే లేదు.

“అట్టయితే నిన్నటి వెర్షన్‌కు ఊ అనింది కూడా నువ్వేనా మాణిక్యన్నా?” అని అడిగినాడు ఏళుమలై. “పాప బటన్ పోగొట్టింది నువ్వే అన్నమాట.”

రాజమాణిక్యం రవంత తడబడినాడు. తడబడినప్పుడు మనిషి పనిలో పడతాడు. “ఇట్టీ పాపా, చూస్తాను” అని మొదటిసారిగా చెయ్యి చాపినాడు.

“వద్దులే మామా. వచ్చేసింది” అనింది ప్రీతిక.

లాప్‌టాప్ అందరికీ కనపడేటట్టు తిప్పి పెట్టింది. బటన్ దాని చోట్లో వుంది. నొక్కి చూపించింది. చిత్తూరు బస్సు, తిరుపతి బస్సు, ఏది యాడ నిలబడుతుందో వరసగా తెరమింద పడింది. షణ్ముగం ఆ బస్సులన్నిటికీ చేతులెత్తి దండం పెట్టేవాడే, చేతిలో గ్లాసు వుండబట్టి ఆగినాడు.

ఎట్టొచ్చిందమ్మా అంటే చెప్పింది. తెర పైన సన్నంగా ఒక పట్టీ వస్తే, పొద్దున తొందరలో చదవకుండానే మూసేసిందంట. ఇప్పుడు మామ కథ చెప్తా వుంటే చేసేదానికి వేరే పనేమీ లేక, మళ్ళీ తెరిచి నిదానంగా చదివింది. కొత్త వెర్షన్‌లో అట్టొకటి పెట్టినారంట. ‘ఈ ఫోల్డర్లో వుండేది రాసినవాళ్ళను నువ్వు నమ్ముతావా’ అని అడుగుతుంది. జవాబు చెప్పేదాకా సగం పనులు ఆపి పెడుతుంది.

“రాసింది నేనే గదా. నమ్ముతా అని నొక్కినా. అన్నీ వచ్చేసినాయి.”

షణ్ముగం గ్లాసు కింద పెట్టినాడు. “మాణిక్యం, మా అంగటికి గుండోళ్ళెవురూ రాలేదు నాయనా” అన్నాడు.

హేమనాథ్ కిసుక్కుమన్నాడు. వేరే ఎవురైనా అయితే ఆడికి లేచి ఇంటికి పోయుండేవాళ్ళు. రాజమాణిక్యం మీసం సవరించుకున్నాడు.

“వాళ్ళు వేరే అంగట్లో కొనుంటారు, దాందేముంది. ఇది చెప్పు పాపా. ఆ పట్టీ, ఆ ప్రశ్న, అదంతా ఎవురు రాసినారనుకుంటా వుండావు? కొండమింద కూచొని, వాళ్ళకు గుండ్లు గొరుగుతా వుంటే, నా చేత్తో నేను రాసిచ్చినా. ఈ కొత్త వెర్షన్‌లో సగం రాసింది నేనే.”

ప్రీతిక లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకునింది.

“రాసింది నువ్వా మామా?” అనింది. “ముందరే చెప్పుండకూడదా. నమ్మను అని నొక్కుండేదాన్ని.”

ఏళుమలై పాల గిన్నె దించేసి నవ్వినాడు. హేమనాథ్ బెంచీ మింద పడి నవ్వినాడు. ఇంతసేపూ బిగబట్టుకున్న షణ్ముగానికైతే నవ్వు కళ్ళల్లోనుంచి నీళ్ళై కారింది. రాజమాణిక్యం నోరు తెరిచినాడు, మూసినాడు. అందించేదానికి ఆయనకు మాట దొరకలేదు.