ముందు బ్రేకు ఎడమచేతికి

పేరూ చిరునామా పైన రాసే ఉన్నాయి, మళ్ళీ అడగొద్దు. వయసు ముప్పై నాలుగు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. కుడి మణికట్టు విరిగింది, భుజం ఎముక చిట్లింది, అందుకని చెయ్యి కట్టులో ఉంది. కూర్చోమని అధికారిగారు రెండుసార్లు చెప్పారు. నేను కూర్చోలేను, నిలబడే చెబుతాను. తలుపు మూసే ఉంచండి. కిటికీ తెర మాత్రం తీయండి, బయట ఆవరణ నాకు కనబడుతూ ఉండాలి. రాసే కానిస్టేబుల్‌గారు నా మాటల్ని సాపుచెయ్యకుండా, చెప్పింది చెప్పినట్టు రాయాలని కోరుతున్నాను.

మా అన్నయ్య ఇచ్చిన ఫిర్యాదు చదివాను. అత్తింటివాళ్ళు కావాలనే నా సైకిల్ బ్రేకులు తారుమారు చేసి నన్ను చంపబోయారని అందులో ఉంది. బ్రేకులు తారుమారైన మాట నిజం. చంపబోయారన్న మాట శుద్ధ అబద్ధం. మా అన్నయ్యకి నేనంటే ప్రాణం, కోపం వస్తే మాత్రం ముందూ వెనకా చూడడు. ఆసుపత్రి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. ఇప్పుడు ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటే ససేమిరా అంటున్నాడు. బ్రేకులు మార్చినవాళ్ళెవరో చెప్పండి, లోపల వేస్తాం అని అధికారిగారు అంటున్నారు. ఆ మార్చిన మనిషి బయట బల్లమీదే కూర్చుని ఉన్నారు. పొద్దుటి నుంచి గుక్కెడు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆయన మా మావయ్యగారు, నా భర్త తండ్రి. బ్రేకులు మార్చింది తనేనని ఆయనకి తెలుసు. ఫిర్యాదులో ఏముందో ఆయన చదవలేదు, దానివల్లే నేను పడ్డానని తెలియదు. తెలియకూడదు. నా బాధంతా అదే.

ఇంట్లో మేం ముగ్గురం. మా ఆయనది నీళ్ళ శుద్ధి కేంద్రంలో రాత్రి డ్యూటీ. ఆయన్ని ఇందులోకి లాగొద్దు, ఆయనకి చక్రానికి గాలి కొట్టడం కూడా చేతకాదు. మావయ్యగారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అత్తయ్య పోయాక ఆయన చెయ్యి ఊరుకోదు. దేన్ని చూసినా ఏదో తేడాగా ఉందంటారు. నిక్షేపంలా ఉన్న తలుపు ఊడదీసి మళ్ళీ బిగిస్తారు. మా ఇంట్లో కుళాయి ఎటు తిప్పితే నీళ్ళొస్తాయో వారానికోసారి కొత్తగా నేర్చుకోవాలి. పక్కింటి గేటు కిర్రుమంటోందని, వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు గోడ దూకి నూనె వేసొచ్చారు. ఎదురింటావిడ దొంగ దొంగ అని అరిస్తే, "దొంగ నూనె డబ్బా పట్టుకుని వస్తాడటమ్మా?" అని ఆవిడ మీదే విసుక్కున్నారు.

నా కాలు కూడా ఒకచోట నిలవదు. రోజంతా ఒక్క కుర్చీలో కూర్చుని అద్దాలు అరగదీస్తాను. సెలవురోజు ఊరవతలి ఎడారిలో సైకిల్ తొక్కకపోతే కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాను. ఎందుకీ తిప్పలు అని మా ఆయన గొణిగితే, "వెళ్ళనీరా, తిరిగే బండిని షెడ్డులో పెట్టకు" అన్నది మావయ్యగారే. ఇది కూడా రాయండి. కింద గీత గీసి రాయండి.

సైకిల్ గురించి అడిగిన మీదట చెబుతున్నాను. అది రాళ్ళమీదా ఇసుకలోనూ తొక్కే మౌంటెన్ బైక్. విడిభాగాలు ఒక్కొక్కటే కొని నేనే కూర్పించుకున్నాను. ముందు చక్రం ఇరవై తొమ్మిది అంగుళాలు, వెనక చక్రం ఇరవై ఏడున్నర. పెద్ద చక్రం రాళ్ళమీద తేలిగ్గా దొర్లుతుంది, ఇసుకలో తొందరగా దిగబడదు. వెనకా పెద్దదే అయితే నాలాంటి పొట్టిదానికి దిగుడులో వీపుకి తగులుతుంది. అందుకని వెనక చిన్నది. మావయ్యగారు అది చూసిన రోజు టేపు తెచ్చి రెండు చక్రాలూ కొలిచారు. కొలిచి గుండెలు బాదుకున్నారు. "అమ్మాయీ, ఆ షాపువాడు నిన్ను నిలువునా ముంచాడే! ఒక బండికి రెండు సైజులా? మా డిపోలో ఇలా చేస్తే ఉద్యోగం ఊడేది!" అని అప్పటికప్పుడు షాపుకి వెళ్ళారు. షాపువాడు గంటసేపు బోధపరిచాడట. ఇంటికి వచ్చి, "వాడు చెప్పింది సబబుగానే ఉంది. అయినా నాకు నచ్చలేదు" అన్నారు.

చక్రాలు మార్చే వీల్లేదు కాబట్టి మిగిలినవి సరిచెయ్యడం మొదలుపెట్టారు. ఇసుకలో తొక్కడానికి టైర్లలో గాలి తక్కువ ఉండాలి. టైరు నేలమీద పరుచుకుంటేనే పట్టు దొరుకుతుంది. ఆయన సాయంత్రం బొటనవేలితో నొక్కి చూసి, "పాపం, గాలి దిగిపోయింది" అని రాయిలా కొట్టేవారు. పొద్దున్నే నేను గేటు బయటికి తీసుకుపోయి సగం గాలి వదిలేసేదాన్ని. కాళ్ళు నేలకి ఆనవని ఆయన సీటు దించేవారు, నేను పైకి లేపేదాన్ని. మూడేళ్ళ నుంచి ఇదే బాగోతం. ఆయన చేస్తారు, నేను విప్పుతాను. ఒక్కనాడూ నోరు విప్పి చెప్పలేదు. సాయంత్రం ఇంటికి రాగానే, "ఇవాళ బండి ఎలా నడిచింది తల్లీ?" అంటారు. "వెన్నలా నడిచింది మావయ్యా" అంటాను. ఆ మాటకి ఆయన ముఖం ఎంత వెలిగిపోతుందో మీరు చూడలేదు.

ఇక బ్రేకులు. చిన్నప్పుడు షట్టరు కింద నలిగి నా కుడిచేతి చూపుడువేలు సరిగ్గా ముడుచుకోదు. బ్రేకు వేసేది ఆ వేలితోనే. ఇక్కడందరికీ ముందు బ్రేకు కుడిచేతికి, వెనక బ్రేకు ఎడమచేతికి ఉంటాయి. దిగుడులో బండిని నిలబెట్టేది ముందు బ్రేకే. దాన్ని కొంచెం కొంచెంగా, సున్నితంగా నొక్కాలి. అందుకని నేను ముందు బ్రేకు ఎడమచేతికి పెట్టించుకున్నాను. కుడిచేతికి వెనకది. వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసినా జర్రుమని జారుతుందంతే, మనిషి పడదు. కాబట్టి కుడిచెయ్యి మొత్తం బిగించి నొక్కినా భయం లేదు. మూడేళ్ళుగా నా చేతులకి అదే అలవాటు.

ఇన్నాళ్ళూ టైర్లూ సీటూ తప్ప ఆయన బ్రేకుల జోలికి పోలేదు. గురువారం నేను పనిలో ఉండగా మావయ్యగారు బండి తుడుస్తూ అది కనిపెట్టారు. తీగలు విప్పి, కుడివి ఎడమకి, ఎడమవి కుడికి మార్చి, అందరికీ ఉన్నట్టు చేశారు. నాతో చెప్పలేదు. ఆయన ఏదీ చెప్పి చెయ్యరు, నేనూ ఏదీ చెప్పి విప్పను. శుక్రవారం నాకు సెలవు. ఉదయం అయిదున్నరకి నేను మామూలుగా గాలి వదిలి, సీటు లేపి, ఆయన చేసింది ఇంతేగదా అనుకున్నాను. తీగలవైపు చూశాను కూడా. అంత పొందికగా కట్టి ఉన్నాయి. కట్టిన ప్లాస్టిక్ పట్టీల కొసలు కూడా చేతికి గుచ్చుకోకుండా కత్తిరించి ఉన్నాయి. ఎంత శుభ్రంగా తుడిచారో అనుకుని ముచ్చటపడ్డాను.

నాతో తొక్కేది ఒక స్కూలు టీచరు, అందరూ పంతులమ్మ అంటారు. ఆవిడ జీపులో సైకిళ్ళు వేసుకుని తారురోడ్డు ఆఖరయ్యే పంపుహౌసు దాకా వెళ్ళాం. అక్కణ్ణుంచి ఎడారే. మొదటి అరగంటా ఎక్కుడే, బ్రేకుతో పని పడలేదు. ఆగినప్పుడు కాలు ఆనించి ఆగాను. గుట్ట నెత్తిన చేరేసరికి ఆరున్నర. అవతలివైపు దిగుడుని మేం నిచ్చెన అంటాం. మెట్లుమెట్లుగా బండరాళ్ళు, అడుగున మెత్తని ఇసుక. వంద సార్లు దిగాను. పంతులమ్మ మంచినీళ్ళు తాగి దిగుదామంది. "నువ్వు తాగుతూ ఉండు, నేను కింద ఉంటా" అన్నాను. నాకు ఆగడం చేతకాదని ముందే చెప్పాను.

రెండో రాయి దగ్గర ఎడమచేత్తో నొక్కాను. బండి నెమ్మదించలేదు. వెనకెక్కడో జర్రుమని జారిన చప్పుడైంది. ఇంకా నొక్కాను. ఇంకా జారింది, వేగం ఎక్కువైంది. ఇదేమిట్రా దేవుడా అని కుడిచెయ్యి మొత్తం బిగించి నొక్కాను. ముందు చక్రం ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోయింది. నేను ఆగలేదు. ఆ తర్వాత ఇసుకలో నా హెల్మెట్ పక్కన చిన్న నల్లపురుగు ఒకటి తన దారిన పోతూ కనబడింది. కళ్ళు బైర్లు కమ్మేదాకా దాన్నే చూశాను.

పంతులమ్మ దిగివచ్చి, నన్ను నీడకి చేర్చి, బండి లేపి బ్రేకు నొక్కి చూసింది. "ఒసేయ్, నీ బ్రేకులెవరో మార్చేశారే!" అంది. ఆసుపత్రిలో ఆ మాటే మా అన్నయ్యతో అంది. ఆవిడ తప్పేం లేదు, చూసింది చెప్పింది.

బ్రేకులు మార్చింది మావయ్యగారేనని ఎలా తెలుసని అడిగిన మీదట చెబుతున్నాను. ఆయనే చెప్పారు. శుక్రవారం సాయంత్రం ఆసుపత్రిలో నా మంచం పక్కన నిలబడి, నా కట్టు మీద చెయ్యి ఆనీ ఆననట్టు పెట్టి, "పోనీలే తల్లీ, నిన్ననే బ్రేకులు సరిచేశాను కాబట్టి ఈమాత్రం దెబ్బతో బయటపడ్డావు. ఎవడో తెలివితక్కువవాడు తిరగేసి పెట్టాడు. వాటితోనే దిగి ఉంటే ఏమయ్యేదానివో!" అన్నారు. నేనేమన్నానో కూడా రాయండి. "అవును మావయ్యా, మీరు చెయ్యబట్టి సరిపోయింది" అన్నాను.

అందుకే తలుపు మూయమన్నాను. ఆయనకి దురుద్దేశం లేదు, నాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు. ఇదంతా ఆయన్ని పిలవకుండా, ఆయనకి చదివి వినిపించకుండా ముగించమని బతిమాలుకుంటున్నాను. అలా కుదరదు, ఆయన్ని కూడా విచారించాలి అని అధికారిగారు అన్నారు. మీకు పుణ్యముంటుంది, ఇంకో దారి చూడండి అన్నాను.

ఆగండి. ఆయన బల్లమీద లేరు. మీరు స్వాధీనం చేసుకుని తెచ్చిన సైకిల్ దగ్గరికి వెళ్ళారు. దాన్ని గోడకి ఎందుకు ఆనించారండీ ఆయన కళ్ళెదుట? ముందు చక్రం ఎత్తి తిప్పారు. కుడివైపు నొక్కారు, ఆగింది. బాగానే ఉందని తల ఊపుతున్నారు. వెనకది తిప్పారు, ఎడమవైపు నొక్కారు, ఆగింది. ఇప్పుడు ఊరికే నిలబడ్డారు. మళ్ళీ ముందు చక్రం తిప్పారు. తన కుడిచేతి చూపుడువేలు చాచి పట్టుకున్నారు, ముడవకుండా. మిగతా చెయ్యంతా బిగించి నొక్కారు. చక్రం ఠక్కున ఆగింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అలాగే నొక్కారు. నేను బయటికి వెళ్ళాలి, తలుపు తీయండి.

(వాంగ్మూలం ఇక్కడ ఆగింది. పావుగంట తర్వాత ఆవిడ తిరిగి వచ్చి, నిలబడే చెప్పసాగింది.)

నేను వెళ్ళేసరికి ఆయన సైకిల్ పక్కన నేలమీద కూర్చుని ఉన్నారు. తలెత్తలేదు.

"ముందు బ్రేకు ఎడమచేతికి నువ్వే పెట్టించుకున్నావా?" అన్నారు.

"అవును మావయ్యా."

"రోజూ చూస్తూనే ఉన్నానమ్మా. నువ్వు గ్లాసు కూడా ఎడమచేత్తోనే పట్టుకుంటావు. నా మట్టిబుర్రకి తట్టలేదు."

ఆయన బొటనవేలితో టైరు నొక్కి చూశారు.

"గాలి కూడా అంతేనా?"

"ప్రతిసారీ తీసేసేదాన్ని."

"సీటు?"

"అదీ లేపేదాన్ని."

"మరి వెన్నలా నడిచిందనేదానివి?"

"చెబితే మీరు నొచ్చుకుంటారని."

"ఇప్పుడు నొచ్చుకోలేదటే?" అని కసిరారు. "నేనేమన్నా పులినా, మింగేస్తానా? ఒక్క మాట అని ఉంటే నా చేత్తో నిన్ను..." అని ఆపేసి చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మా అన్నయ్య తన కారు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నీళ్ళసీసా మూత తీసి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తాగారు. అప్పుడు నేనూ ఆ పక్కనే నేలమీద కూర్చున్నాను. పొద్దుటి నుంచి అదే మొదటిసారి కూర్చోవడం.

ఇప్పుడు మావయ్యగారు నా వెనకే ఉన్నారు. నేనే చేశాను, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించండి అని అధికారిగారి ప్రాణం తీస్తున్నారు. మా అన్నయ్య ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. నాది ఒకటే మనవి. సైకిల్‌ని వదిలేటప్పుడు మావయ్యగారి చేతికే ఇవ్వాలి. ఆ బ్రేకులు మళ్ళీ ఆయనే మార్చాలి, ఇంకెవరి చెయ్యీ దానిమీద పడకూడదు. నా చెయ్యి నయమయ్యాక నేను దాన్నే తొక్కుతాను. ఆయన మారుస్తున్నంతసేపూ పక్కనే నిలబడి ఏది ఎటో నోటితో చెబుతాను. చెప్పలేదన్న మాట ఇక రానివ్వను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఈసారి తలుపు బార్లా తీయించి, గట్టిగా చదవమన్నాను. ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క దాచలేదు. నన్నెవరూ బెదిరించలేదు. నిజం తప్ప ఇందులో మరేం లేదని ఒప్పుకుంటూ, కుడిచెయ్యి కట్టులో ఉన్నందున ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను. కాగితం కదలకుండా పట్టుకున్నది మా మావయ్యగారు.

(ఎడమచేతి బొటనవేలి ముద్ర)