శ్యామసుందర్ గిటారుకి ఏడు పికప్పులు

ఏటే అమ్మూ, ఆ పార్సిల్లో ఏటొచ్చింది? పికప్పా? ఉన్నది తీసేసి ఇది బిగిస్తావా? ఉన్నదానికేటి రోగం? టోను బాలేదా. హుఁ. ఇలగొచ్చి కూకో. అక్కడ కాదు, ఫ్యాను కింద కూకో. ఈ మాట నేను విని ముప్పై ఏళ్ళవుతాది. శ్యామసుందర్ అని ఒకడుండేవాడు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. ఖుర్సీపార్‌లో మా పక్కిల్లే, గోడకి ఇటు మేము, అటు ఆళ్ళు. ఆళ్ళది పార్వతీపురం, మాది బొబ్బిలి. ఇక్కడికొచ్చాక ఎవరిదేటి ఊరు, అందరం భిలాయోళ్ళమే. ఆడు స్టీలు ప్లాంటు మిల్లులో, నేను మోటార్లకి తీగ చుట్టే షాపులో. తొంభైరెండులో కాబోలు, కలకత్తా ఎల్లి పాత ఎలక్ట్రిక్ గిటారొకటి తెచ్చాడు. ఆడి పెళ్ళాం నూకరత్నం రైల్లో గిటారుకి సీటిచ్చేసి, దుర్గు స్టేషను దాకా తను ట్రంకుపెట్టి మీద కూకుందట. ఆవిడే చెప్పేది, నవ్వుకుంటా. మంచి మనిషిలే. జాకెట్లు కుట్టేది, మీ నానమ్మవన్నీ ఆవిడ కుట్టినవే. ఏ ఒక్కటీ బిగుతవలేదు, మీ నానమ్మ ఎంత లావెక్కినా. అదో విద్య.

హాఁ, గిటారు. సెక్టర్ టూలో హరినాథ్ గారని ఇంజినీరు, తెలుగోళ్ళ ఆర్కెస్ట్రా నడిపేవారు. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, దుర్గాపూజలు. అందులో గిటారు మనోడిది. మిల్లులో ఆడూ వందమందిలో ఒకడే గానీ, స్టేజీ మీద మాత్రం మైకులో పేరు పెట్టి పిలిచేవారు. ఆ పేరు వినపడగానే చొక్కా సర్దుకునేవాడు చూడు, పెళ్ళికొడుకే. రెండేళ్ళు బెమ్మాండంగా వాయించాడు. తరవాత ఒకరోజు గోడ మీంచి తల పెట్టి, "సూర్యారావన్నా, దీని గొంతు పోయిందన్నా. పదును లేదు. దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టుంది" అన్నాడు. నాకు బాగానే వినపడ్డాది. కానీ వాయించేవాడు అంటుంటే మోటార్లోణ్ణి నేనేటంటాను? తీగల కింద చప్పుడు పట్టే పికప్పు ఊడదీసి చేతిలో పెట్టాడు. విప్పి చూద్దును కదా, నవ్వొచ్చేసింది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ జుట్టు కన్నా సన్నం రాగితీగ. అంతే. "ఒరే, ఇది మోటారుకి తమ్ముడురా. ఆదివారానికి ఇస్తాను ఫో" అన్నాను.

మా షాపులో పద్ధతేటంటే అమ్మూ, పాత మోటారొస్తే దాని తీగ విప్పుతా ఎన్ని చుట్లో లెక్కెట్టాలి, కాయితం మీద రాసుకోవాలి, కొత్త తీగ అన్నే చుట్లు చుట్టాలి. అలగే దీన్నీ విప్పేశాను. మోటారుకి వందల్లో ఉంటాయి. ఇది వేలు! నాలుగువేల మూడొందల దాకా ఒచ్చాను. అప్పుడు మీ నానమ్మ "ఉప్మా చల్లారిపోతంది" అని పిలిచింది. లెక్కా పోయింది, తీగా తెగింది. అది అక్కడితో సరి. మరేటి చేస్తాను? దుర్గులో రేడియోల కొట్లో సన్న తీగ దొరికింది. నూకరత్నం కుట్టుమిషనుకి బాబిన్ నింపే చక్రం ఉంటాది చూడు, దానికి తగిలించి చుట్టాను. ఆవిడ తొక్కడం, నేను తీగ పట్టడం. కలకత్తాది మొదటిదనుకో, ఈ రెండోదానికి చుట్లు ఎక్కువైతే బలమని దండిగా చుట్టాను. బలమైతే ఒచ్చింది గానీ గొంతు ఇంకా మొద్దైంది. మూడోదానికి తగ్గించాను, పదునొచ్చింది, కానీ చుట్ట కదిలి కీచుమని ఊళ పెట్టింది. మోటారు చుట్ట కదిలితే మేమేటి చేస్తాం? వార్నీషులో ముంచి పొయ్యిలో కాలుస్తాం. దీన్నీ కాల్చాను. ప్లాస్టిక్ కదా, అప్పడంలా ముడుచుకుపోయింది. ఓహో, నవ్వుతున్నావా. నవ్వు, నవ్వు. మా షాపులో కూడా నెల్లాళ్ళు నవ్వారు. "సూర్యారావ్, పాపడ్ సేంక్ లియా క్యా?" అని, అప్పడం కాల్చావా అని.

మొండోణ్ణి కదా, ఒగ్గలేదు. నాలుగోది, ఐదోది. ప్రతిదానికీ ఆడు చెవి ఆనించి వినడం, "ఇంకొంచెం పదునన్నా, ఇంకొక్క రవ్వ" అనడం. ఆరోదానికొచ్చేసరికి, నిజం చెప్తున్నాను, గిన్నె అడుగు గరిటెతో గీకినట్టుండేది. పక్కవీధిలో జోగమ్మ కిటికీ మూసేసుకునేది. ఆడు మాత్రం కళ్ళు మూసుకుని, "ఇప్పుడు కాస్త పలుకుతోందన్నా" అనేవాడు. హరినాథ్ గారు ఎంత మర్యాదస్తులు! ఆయనే రిహార్సల్లో అనేశారు. "శ్యామసుందర్ గారూ, ఏమీ అనుకోవద్దు. మీ గిటారు వింటే పళ్ళు జివ్వుమంటున్నాయండీ. చవితికీ ఇలాగే ఉంటే కీబోర్డు వాయించే అతన్ని పెట్టుకుంటాను." చవితికి ఇంకా పదిహేను రోజులు. ఆడు ఇంటికొచ్చి అన్నం తినలేదట. ఆ స్టేజీ పోతే ఆడికింకేటుంది చెప్పు? మిల్లూ ఇల్లూ, ఇల్లూ మిల్లూ.

ఆ ఆదివారం ఏడోది చుడదామని మిషను దగ్గర కూకున్నాను. ఆడు వంటింటి గుమ్మంలో గిటారు తుడుచుకుంటున్నాడు. నూకరత్నం, "మూడు కూతలకి కుక్కరు దింపండి" అని చెప్పి బిందెట్టుకుని కుళాయికెళ్ళింది. మూడు కూసింది. నాలుగు, ఐదు. కుక్కరేమో ఆడికి బారెడు దూరం. కదల్డే! ఆవిడ తిరిగొచ్చి, బిందె దింపకుండా అలగే నిలబడి ఆడి వైపే చూసింది. "బావగారూ, రోగం గిటారుకి కాదు. మీ తమ్ముడి చెవికి. నా మాట వినపడతాది గానీ, సన్న చప్పుడు ఏదీ వినపడట్లేదు. గాజుల చప్పుడికి తిరిగి చూడ్డం మానేసి ఏడాదయింది. నా మీద కోపమేమో అనుకున్నాను" అంది. తీగ అక్కడ పడేసి ఆణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ యంత్రం పెట్టి చూసి అదే చెప్పింది. మిల్లు మోతో, మరోటో. ఆళ్ళ నాన్నకీ చెవుడే, మేనత్తకీ చెవుడే. చెవుల్లో పెట్టుకోమని మిల్లోళ్ళు బిరడాలిచ్చినా జేబులో వేసుకు తిరిగేవాడు, వెధవ.

ఏడుస్తాడనుకున్నాను. లేదే. ఇంటికొచ్చి పెళ్ళాన్ని ఎదురుగా కూకోబెట్టాడు. "నువ్విను రత్నం. నువ్వు చాలన్నకాడికి చాలు" అన్నాడు. ఏడోది ఆవిడ చెవికి చుట్టాం. నేను చుట్టడం, ఆడు వాయించడం, ఆవిడ తల అడ్డంగా తిప్పడం. మూడు సార్లు విప్పి చుట్టాక అప్పుడు తలూపింది. చవితినాడు చూడాలి అమ్మూ! జనం లేచి నిలబడ్డారు. హరినాథ్ గారు మైకులో ఆడి పేరు రెండుసార్లు చెప్పారు.

స్టేజీ దిగి తిన్నగా నా దగ్గరికొచ్చాడు. చప్పట్లు ఇంకా ఆగలేదు. "అన్నా, ఒక్కటడుగుతాను. ఇది బాగుందా, ఆ కలకత్తాది బాగుండేదా?" అన్నాడు. ఏటి చెప్పను? అది తేనెలా పలికేది. రోగం రొష్టూ లేనిదాన్ని నా చేతుల్తో నేనే విప్పేశాను, చుట్లు లెక్కెట్టడానికి. "ఇదే బాగుందిరా" అన్నాను. చెవి తగ్గినోళ్ళు మొహాలు బాగా చూస్తారు. నా మొహం వైపు చూసి, బుజం మీద చెయ్యేసి, "పోన్లే అన్నా. నాకు వినపడినన్నాళ్ళూ అది పలికింది కదా" అన్నాడు.

...

ఏటే, కూరలబండి ఒచ్చినట్టుంది. ఎల్లు, బెండకాయలు లేతగా ఉంటే అరకిలో తే.