డైలాగుల నడుమ

ఫిల్మ్‌నగర్‌ ఎడిటింగ్ గదిలో ఆ తండ్రి కూర్చోమన్నా కూర్చోలేదు. చనిపోయిన కూతురి డబ్బింగ్ రికార్డింగులన్నీ నింపి నెల కింద ఇక్కడ తనకిచ్చిన హార్డ్ డిస్క్‌నే తిరిగి తెచ్చాడు. ఎడిటర్‌కు ఆ కూతురి వయసే ఉంటుంది.

"ఇందులో ఫోటోలే ఉన్నాయండీ. ఆడియో ఏమైంది?"

"ఇంట్ల కంప్యూటర్‌కు పెడితే ఇంగ్లీషుల ఏదో అడిగింది సార్. అవునని నొక్కిన."

"ఫార్మాట్ చేయమంటారా అని అడిగి ఉంటుంది. ఇది మా మ్యాక్ డిస్కు. మీ విండోస్ దీన్ని చదవలేదు, అందుకే ఖాళీ చేసేసింది."

"అవునంటేనే పిల్ల గొంతు వినిపిస్తదనుకున్న సార్."

"వెంటనే తెచ్చుంటే కొంతైనా తిరిగి రప్పించేవాణ్ణి. పైన కొత్తవి ఎక్కిస్తే పాతవి చెరిగిపోతాయి. ఈ ఫోటోలెప్పుడు ఎక్కించారు?"

"అప్పుడే. గొంతు, మొఖం ఒక్కతాన ఉంటయని."

ఎడిటర్ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసి ఆయన చేతికిచ్చాడు.

"మీ దగ్గర ఇంకో కాపీ లేదా సార్?"

"సినిమా రిలీజయ్యాక తీసేస్తామండీ. కానీ ఆమె గొంతు సినిమాల్లో ఉంది కదా. సీడీలు ఇస్తాను."

"అవన్నీ ఇంట్ల ఉన్నయి. అండ్ల హీరోయిన్ 'ఏంటండీ, వచ్చేశారా' అంటది. మా పిల్ల గట్ల మాట్లాడదు సార్."

"మరి...?"

"డైలాగుల నడుమ, మైకు బంద్ చెయ్యకముందు, అద్దం అవతల కూసున్న నన్ను జూసి 'బాపూ, చాయ్ తాగినవా?' అన్నది. గదొక్కటి సాలు సార్."