మూడు దెబ్బల గోడ

తవిటయ్య అని ఒక తాపీమేస్త్రి, వాడికో అప్ప, అదే అక్క, దాలమ్మ. మొగుడు పోయాక ఒంటరిగా పక్కింట్లోనే ఉండేది. రెండిళ్లకీ నడుమ ఒకటే మట్టిగోడ అంట. సముద్రపొడ్డు ఊరు, ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఏ అవసరమొచ్చినా రోకలితో గోడ మీద మూడు దెబ్బలు కొట్టాలి, అవతలివాళ్లు చేతిలో పని వదిలేసి రావాలి. తలుపు కొట్టడం పరాయివాళ్ల పని అనుకో. ఎంత తగువులో ఉన్నా గోడ మోగిందంటే తగువు తీరినట్టే. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా దాలమ్మ ఏడవడానికి ముందు గోడే కొట్టిందంట.

ఏమైందంటే, తవిటయ్య పట్నంలో రెండేళ్లు పనిచేసి కొత్త విద్య నేర్చుకొచ్చాడు. టీవీ పెట్టెల్లో తెల్లగా థర్మోకోల్ వస్తుందే, అలాంటి దిమ్మలే, కాస్త గట్టివి, లోపల బోలు. వాటిని ఇటుకల్లా పేర్చి, ఊచలు దించి, బోలులో కాంక్రీటు పోస్తారు. దిమ్మల్ని తియ్యరు, రెండువైపులా దుప్పటి కప్పినట్టు ఉండిపోతాయి. ఎండ లోపలికి రాదు, ఫ్యాను అవసరం తక్కువ, తుఫానుకి కదలదు. తన పాత ఇల్లు పడగొట్టి అలాగే కట్టాడు, నడిమి గోడతో సహా. దాలమ్మ ఇంటి వాసాల్ని కూడా ఆ గోడ మీదే ఆన్చాడు. "అప్పా, నీ ఇల్లూ ఇలాగే కట్టేస్తాను, ఓ నాలుగు నెలలు ఓర్చుకో" అన్నాడంట. ఆవిడ వేలితో నొక్కి చూసింది, గుంట పడింది. "ఒరే, బెండుతో బొమ్మలపెళ్లికి పందిరి కడతార్రా, ఇల్లు కాదు. అమ్మ మెత్తిన గోడ పడగొట్టి ఈ బెండు నా మొహాన పెట్టావు" అంది. సిమెంటు పూస్తానంటే, "నా వైపు తాపీ పెట్టావంటే చెయ్యి విరుస్తాను" అంది. అంతే, మాటలు ఆగిపోయాయి. తవిటయ్య మాత్రం వచ్చినవాళ్లని లోపల కూర్చోబెట్టి, తలుపేసి, "సముద్రం వినబడుతోందా? వినబడదు!" అని మురిసిపోయేవాడు. నేను కాలేజీలో ఫిజిక్సు చదివినవాణ్ణిలే, శబ్దం మీద పరీక్షలో ఆరు పేజీలు రాశాను, ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. ఉంటే ఏం లాభం, తెలిసినవాడికే ఆ రోజు గుర్తురాలేదు.

ఆ కార్తీకంలో తుఫానొచ్చింది. పొద్దున్నే గాలి లేస్తుంటే అప్పని తీసుకురమ్మని పెళ్లాం గౌరమ్మని పంపాడు. దాలమ్మ గుమ్మంలోంచే, "ఆడికి కాళ్లు లేవా? అవసరమైతే గోడ కొడతాను, పో" అందంట. ఆ మాట వినగానే తవిటయ్య మొహం విప్పారింది. గోడ కొడతానంది అంటే మాట కలుపుతాననే కదా! మధ్యాహ్నానికి పెంకులు కాకుల్లా ఎగిరాయి. వీధి వీధంతా తవిటయ్య ఇంట్లోకి చేరింది. లోపల ఒక చంటిది ఏడవడం తప్ప చప్పుడు లేదు. వాడు నడిమి గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు, దెబ్బ పడితే ముందు తనకే తెలియాలని. "ఒకసారి వెళ్లి చూడయ్యా, మా వదిన ఒక్కతీ ఉంది" అంది గౌరమ్మ. "కొడతానంది కదే. కొట్టలేదంటే బాగానే ఉన్నట్టు. నేను ముందెళితే మళ్లీ బెండంటాది" అన్నాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. గోడ మోగలేదు. ఎంత పంతమే అప్పా అనుకున్నాడు.

పొద్దు వాలకముందే గాలి తగ్గింది. బయటికొచ్చి చూస్తే దాలమ్మ ఇంటికి మూడు గోడలు లేవు. నిలిచింది తవిటయ్య కట్టిన గోడ ఒక్కటే, చెక్కుచెదరలేదు. దాని మొదట్లో, కూలిన కప్పు కింద ఉంది దాలమ్మ, ప్రాణం పోయినా రోకలి వదల్లేదు. గోడ మీద గుంటలు. మూడు, కాస్త ఎడం, మళ్లీ మూడు, మళ్లీ మూడు. సరిగ్గా వాడు వీపు ఆనించిన చోటే.

ఆ ఊళ్లో ఇప్పుడు సగం ఇళ్లు అలాంటివే, అన్నీ తవిటయ్య చేతివే. ఎండ రాదు, గాలి రాదు. రెండిళ్లకీ నడుమ గోడ వచ్చిందంటే మాత్రం, అరచేతంత చోట దిమ్మ కోసి, గోడకి అటూ ఇటూ బయటికి కనబడేలా ఒక టేకు ముక్క పెడతాడంట. "ఇదేం పని మేస్త్రీ, చల్లదనం పోదూ?" అంటే, "పోనీ" అంటాడు. ఇంజనీర్లు చూసి నవ్వుతారంట. నవ్వనీ. వాళ్లకి అప్పలు లేరు కాబోలు.