ముల్లు లేపని మనిషి: భూషణం గారి ముప్పై ఎనిమిదేళ్లు
బాలనర్సమ్మ, ప్యాకింగ్ విభాగం

1987 జూన్ 15, సోమవారం ఉదయం. నాచారం పారిశ్రామికవాడలోని మన మధులహరి రికార్డ్స్ గేటు ముందు ఇరవై ఒక్క ఏళ్ల యువకుడొకరు ఇస్త్రీ నలగని చొక్కాతో, చంకలో డిప్లొమా పత్రాలతో నిలబడి ఉన్నారు. ఎనిమిదింటికి రమ్మంటే ఆరున్నరకే వచ్చారు. వాచ్‌మన్ తాళం తియ్యనన్నాడు. ఆయన గేటు బయటే నిలబడి, లోపల రాత్రి షిఫ్టులో నడుస్తున్న యంత్రాల చప్పుడు కాసేపు విని, "రెండో ప్రెస్సుకు బేరింగ్ పోయినట్టుందండీ, ఎవరికైనా చెప్పండి" అన్నారు. ఉద్యోగంలో చేరకముందే వంకలు పెడుతున్నాడేమిటీ మనిషి అని వాచ్‌మన్ విసుక్కున్నాడు. బేరింగ్ నిజంగానే పోయింది. ఆ విధంగా శ్రీ భూషణం గారి మీద మన సంస్థలో మొదటి విసుగు, ఆయన హాజరుపట్టీలో సంతకం చేయడానికి గంటన్నర ముందే పుట్టింది. ముప్పై ఎనిమిదేళ్లు గడిచినా అది చల్లారలేదు.

తెనాలి ప్రాంతం నుంచి వచ్చిన భూషణం గారికి అప్పగించిన పని వినడం. ప్రెస్సులో అచ్చు మార్చినప్పుడల్లా మొదట వచ్చిన రికార్డును వినికిడి గదిలో కుర్చీ వేసుకుని, మొదటి నుంచి చివరి దాకా విని, బాగుందనో బాగులేదనో రిజిస్టర్లో రాసి సంతకం చేయాలి. ఆయన సంతకం పడితేగాని పెట్టెలు లారీ ఎక్కవు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవారు మొదట్లో కొంచెం, మధ్యలో కొంచెం విని సంతకం పెట్టేసేవారు. భూషణం గారు పాట అయిపోయాక ప్లేయరు ముల్లు రికార్డు మధ్యలో, లేబులు పక్కనున్న లోపలి గీతలో ఎవరైనా లేపేదాకా చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుందే, దాన్ని కూడా ఒక నిమిషం వింటారు. 1990లో ఆయన స్వదస్తూరీతో ఒక అట్టముక్క మీద రాసి గోడకు కొట్టిన నియమం నేటికీ అక్కడే ఉంది: "శబ్దం ఉన్నంతవరకు ముల్లు ఎవరూ లేపరాదు." ఆ అట్టముక్క వల్ల ఎన్ని లారీలు ఆలస్యంగా బయలుదేరాయో, ఎంతమందికి ఉప్పల్ వెళ్లే ఆఖరి బస్సు తప్పిపోయిందో చెప్పాలంటే ఈ వీడ్కోలు సంచిక చాలదు.

ప్యాకింగ్ విభాగం వారినీ ఆయన వదల్లేదు. అట్ట మీద పేరూ రికార్డు మీద పేరూ ఒకటో కాదో పైకి చదివి మరీ పెట్టెలో పెట్టాలని పట్టుబట్టేవారు. "మాకు సదువు రాదు సారూ" అంటే, "ఇక్కడ రోజుకు వెయ్యి లేబుళ్లు ఉన్నాయమ్మా, ఇంకేం బడి కావాలి?" అనేవారు. ఏడుపొచ్చేంత కోపం వచ్చేది. ఆ కోపంతోనే అక్షరాలు నేర్చుకున్నవాళ్లు, ఆ తర్వాత కనపడిన కాగితమల్లా చదువుకున్నవాళ్లు ఈ సంస్థలో ఉన్నారు.

1994లో రికార్డుల కాలం ముగిసింది. క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, 2006 నాటికి అవీ పోయి మన సంస్థ సీసా మూతలు పోసే కార్ఖానా అయింది. తోటివారు ఒక్కొక్కరే లెక్క తీసుకుని వెళ్లిపోయారు. ఎందరికో గేటు దాకా వెళ్లి చేతులూపిన ఆ సంవత్సరాలను తలచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. భూషణం గారు వెళ్లలేదు. మూతల బిగింపు పరీక్షిస్తూనే, మూలన పడి ఉన్న రెండు పాత ప్రెస్సులకు ప్రతి శనివారం నూనె పెట్టేవారు. "ఆ తుప్పు ఇనుముకు సేవలెందుకయ్యా?" అని ముగ్గురు మేనేజర్లు ముగ్గురూ విసుక్కున్నారు. పన్నెండేళ్ల పాటు శనివారాల్లో ఆయన చొక్కాకు అంటిన నూనె మరకల్ని ఉతికిన శ్రీమతి శ్యామలాదేవి గారి సహనాన్ని కూడా ఈ సందర్భంలో స్మరించుకోవడం మన ధర్మం.

2018లో పాత రికార్డుల మీద లోకానికి మళ్లీ మోజు కలిగింది. ఆ ప్రెస్సులు తిరిగాయి. అయితే వచ్చింది మనకు తెలిసిన పాటలు కాదు, జాజ్! చిన్న చిన్న బృందాలవారు మూడు వందలు, అయిదు వందలు చొప్పున తమ కొత్త రికార్డులను మన దగ్గర పోయించుకోసాగారు. ఒక వరస పట్టుకుని దాన్ని ఒకసారి వాయించినట్టు మరోసారి వాయించకుండా, సాక్సఫోన్ ఒక దారిన, డ్రమ్ములు ఒక దారిన పోయి, పోయారనుకునేలోగా కలుసుకునే ఆ సంగీతం మొదట ఎవరికీ ఎక్కలేదు. భూషణం గారికీ ఎక్కలేదు. కానీ వినడం ఆయన ఉద్యోగం. ప్రతి రికార్డూ అటూ ఇటూ పూర్తిగా విన్నారు. వినగా వినగా కచేరీలో మంచి విద్వాంసుడి మనోధర్మం ఎటు మళ్లుతుందో ముందే పసిగట్టే రసికుడి చెవి వచ్చింది ఆయనకు.

అది వచ్చాక మనకు మధ్యాహ్న భోజనం ప్రశాంతంగా లేదు. డబ్బా మూత తీసేలోగా వార్తలు మొదలు. ఎక్కడో ఒక రేడియో గోదాములో యాభై ఏళ్ల నాటి కచేరీ టేపు దొరికిందట. ఎనభై ఏడేళ్ల పియానో విద్వాంసురాలు కొత్త రికార్డు చేసిందట. ఫలానా ఊళ్లో పాత జాజ్ క్లబ్బు మూసేశారట, ఆఖరి రోజు జనం మెట్ల మీద కూర్చుని విన్నారట.

"సార్, మా నాచారంల నల్లా నీళ్లు ఎప్పుడొస్తయో గా వార్త జెప్పుండ్రి, గది కావాలె మాకు" అనేది సరిత. ముప్పై ఏళ్ల సరిత వినికిడి గదిలో రిజిస్టరు రాసే సహాయకురాలు.

"జాజ్ వార్త వింటే నీ సొమ్మేం పోయిందే అమ్మాయ్?"

"గది పాట గాదు సార్, లొల్లి. జీతానికి ఇంటున్న."

ఈ ఏడాది సెప్టెంబరులో మేనేజర్ గిరిప్రసాద్ గారు ఒక నిర్ణయం ప్రకటించారు. అక్టోబరు 31న భూషణం గారు పదవీ విరమణ చేశాక వినికిడి గది ఉండదు. రికార్డును కంప్యూటరుకు తగిలిస్తే అది గీతలు చూసి నిమిషంలో తప్పొప్పులు చెప్పేస్తుంది. కుర్చీ తీసేసి ఆ గదిలో అట్టపెట్టెలు పెట్టుకోవచ్చు. ఆ సాయంత్రం భూషణం గారు చెంగిచెర్ల బస్సులో కూర్చుని, తాను దిగిపోవడం గురించి కాక, తాను దిగాక ఆ కుర్చీలో ఎవరూ ఉండరన్నదాని గురించే ఆలోచించారని తరువాత శ్యామలాదేవి గారు చెప్పారు. దుకాణం ముందు ఆగాల్సిన చోట ఆగక, కూరగాయలు లేకుండా ఇంటికి వెళ్లారట. ఇన్నేళ్లూ తాను విన్నదంతా, ఎవరూ వినక్కర్లేనిదేనా అన్న ప్రశ్న ఆయన్ను కమ్మేసింది.

సరిగ్గా అప్పుడే ఆయన తన సర్వీసులోకెల్లా పెద్ద తప్పు చేశారు.

సైనిక్‌పురిలో ఉండే హరిచందన అనే అమ్మాయి సాక్సఫోన్ వాయిస్తుంది. తాతగారు సైన్యపు బ్యాండులో పనిచేసినవారు. ఆమె ముగ్గురి బృందం చేసిన కొత్త రికార్డు మూడు వందల ప్రతులకు అక్టోబరు 8న ప్రెస్సు ఎక్కింది. మొదటి ప్రతిని భూషణం గారు పన్నెండు గంటలకు ముల్లు కింద పెట్టారు. ఒక పక్క అయింది. రెండో పక్క చివరి పాట కూడా అయి, ముల్లు లోపలి గీతలోకి వెళ్లింది. మౌనంగా తిరగవలసిన ఆ గీతలో శబ్దం ఉంది! సాక్సఫోన్ ఊదబోతూ తీసిన ఊపిరి, దాని వెంటనే ఒక స్వరం. మళ్లీ ఊపిరి, మళ్లీ స్వరం. భూషణం గారు కదల్లేదు. శబ్దం ఉంది కదా.

పావుగంట అయింది. అరగంట అయింది. రిజిస్టరు పట్టుకుని పక్కన కూర్చున్న సరిత డబ్బా వాసన గదంతా నిండింది.

"సార్, గీ పాటకు అంతముందా లేదా?"

"ఉండు. అయిపోతుంది."

ప్రెస్సు నడిపే బిక్షపతి తలుపు తీసుకుని వచ్చాడు. "అన్నా, ఏంది గిది? ముల్లు ఇరుక్కున్నట్టుందే. జర లేపరాదు?"

"బోర్డు చూడవయ్యా."

"బోర్డు రాసింది నువ్వే గదనే!"

"అందుకే లేపకూడదు."

విసిగిపోయిన బిక్షపతి ఆయన సంతకం కోసం ఆగకుండా ప్రెస్సు నడిపించేశాడు. రెండు గంటల పాటు ఆ ఊపిరీ ఆ స్వరమూ నిమిషానికి ముప్పై మూడు చొప్పున నాలుగు వేల సార్లు తిరిగాయి. చివరకు భూషణం గారు ముల్లు ముట్టకుండా ప్లేయరు మోటారు ఆపి, రిజిస్టర్లో "గీతలో ముల్లు ఇరుక్కుంటోంది, అచ్చు దోషం" అని రాయించి, అప్పటికి పోసిన రెండు వందల నలభై ప్రతుల్నీ మరలో వేసి పొడి చేయించారు. మొదటి ప్రతి ఒక్కటి మాత్రం, మంచిదైనా చెడ్డదైనా దాచాలన్న ఆయన ఆచారం కొద్దీ, అరలోకి చేరింది.

మర్నాడు పొద్దున్నే హరిచందన స్కూటరు మీద వచ్చింది. విషయం విని నీరుగారిపోయింది.

"అంకుల్, అది దోషం కాదు! కావాలని చేసిందే. మీకిచ్చిన కాగితంలో రాశాను కూడా."

"వినకముందు నేను కాగితం చదవనమ్మా. చదివితే చెవి కాగితం చెప్పిందే వింటుంది."

"మరి విన్నాకైనా చదవచ్చు కదండీ!" అంది, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో. మళ్లీ తనే అంది: "ఇది మా ముగ్గురి ఆఖరి రికార్డు. ఒకడు పుణే వెళ్లిపోతున్నాడు, ఒకడు వాయించడం మానేస్తున్నాడు. చివరి స్వరం దగ్గర ముందు ఎవరు ఆపాలో తేల్చుకోలేకపోయాం. అందుకని ఆపకుండా వదిలేశాం. ఆపాలనుకున్నవాళ్లు ముల్లు లేపుకుంటారు."

భూషణం గారు తన అట్టముక్క వైపు చూసి తల దించుకున్నారు. ఆ రోజుకు ఆయన సర్వీసు ఇరవై రెండు రోజులు మిగిలి ఉంది.

గిరిప్రసాద్ గారు ఊరుకుంటారా? "చూశారా భూషణం గారూ? కంప్యూటరైతే రెండు గంటలు కూర్చునేది కాదు" అన్నారు. ఆదివారం ఆ అమ్మాయి ఆఖరి కచేరీ. ప్రతులు శనివారానికి కావాలి. అచ్చు మళ్లీ ప్రెస్సుకు బిగించారు. ఈసారి మొదటి ప్రతిని కంప్యూటరుకు తగిలించారు. అది చివరి గీత దగ్గర తప్పు అంది. అరలోని పాత ప్రతిని తగిలిస్తే దానికీ తప్పే అంది. తిరిగి తిరిగి వచ్చేదేదైనా దాని దృష్టిలో తప్పే. "సరే, ఎటూ అలాగే ఉండాలన్నారుగా, సంతకం పెట్టేయండి" అన్నారు మేనేజర్.

భూషణం గారు కుర్చీలో కూర్చుని విన్నారు. చివరి గీత వచ్చింది. ఊపిరి, స్వరం. ఊపిరి, స్వరం. అయిదు చుట్లు విని, జీవితంలో మొదటిసారి శబ్దం ఉండగానే ముల్లు లేపడానికి చెయ్యి చాచారు.

"సార్, జర ఆగుండ్రి" అంది సరిత. "నిన్న గిట్ల లేకుండె."

"ఏమిటి లేదు?"

"ఊపిరికి ముందు టిక్కుమంటుంది. సన్నగ. ఇనుండ్రి."

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. మళ్లీ విన్నారు. గిరిప్రసాద్ గారు, బిక్షపతి కూడా చెవులు ఒగ్గారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. భూషణం గారికీ తెలియలేదు! అరవై ఏళ్ల ఆ చెవికి అంత సన్నని చప్పుడు అందే రోజులు ఎప్పుడు దాటిపోయాయో ఆయనకే తెలియదు. అరలోని మొదటి ప్రతి తీసి పెట్టించారు.

"గిండ్ల లేదు" అంది సరిత. కొత్తది పెట్టారు. "గిండ్ల ఉన్నది."

ప్రతుల్ని అటూ ఇటూ తిప్పి, ఆమెను గోడ వైపు తిరిగి నిలబడమని ఆరుసార్లు అడిగారు. ఆరుసార్లూ ఆమె సరిగ్గానే చెప్పింది. భూషణం గారు ప్రెస్సు ఆపించి అచ్చు విప్పించారు. వెనక వైపు, ఆవగింజలో సగమంత, గట్టిపడిన ప్లాస్టిక్ పలుకు ఒకటి అంటుకుని ఉంది. అలాగే వదిలితే మూడు వందల ఇళ్లల్లో ఆ ఊపిరికి ముందు ఆ టిక్కు శాశ్వతంగా ఉండిపోయేది.

"నీకెలా తెలిసిందే?" అన్నారు ఆయన.

"తెల్వకేం జేస్తది సార్? నాలుగు వేల సార్లు ఇనిపిచ్చిన్రు! రాత్రి కలల గూడ గదే లొల్లి."

భూషణం గారు లేచి, కుర్చీని ఆమె వైపు జరిపారు. రిజిస్టరు తెరిచి, "విన్నవారు" అన్న గడిలో అప్పటిదాకా తన పేరే ఉంటూ వచ్చిన చోట, ఒక్కొక్క అక్షరమూ నింపాదిగా "సరిత" అని రాసి, సంతకం కోసం పెన్ను ఆమెకిచ్చారు. గిరిప్రసాద్ గారు ఆ గడి వైపు చూసి, "అట్టపెట్టెలకు వేరే గది చూద్దాం లెండి" అన్నారు. పలుకు తీసి అచ్చు బిగించాక కొత్త ప్రతుల్ని సరితే విని సంతకం పెట్టింది. శనివారం సాయంత్రానికి మూడు వందలూ సైనిక్‌పురి చేరాయి.

ఇంతటి ఇబ్బందికరమైన మనిషి అక్టోబరు 31, శుక్రవారం సాయంత్రం అయిదింటికి మన గేటు దాటి వెళ్లబోతున్నారు. ఆయనతో వేగడం కష్టం. ఆయన లేకుండా భోజనాల వేళ ఎలా గడుస్తుందో ఆలోచించడం అంతకన్నా కష్టం. భూషణం గారూ, బి.పి. మాత్ర వేళకు వేసుకోండి. ఉప్పల్ కూడలిలో రోడ్డు అడ్డంగా దాటకండి, పైవంతెన ఎక్కండి. ఎడమ చెవి ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. జాజ్ లోకంలో కొత్త రికార్డేదైనా వస్తే శ్యామలాదేవి గారికి చెప్పి విసిగించండి, ఆవిడకు ఓపిక ఉంది. ఆవిడ కూడా విననంటే మాకు ఫోను చేయండి, విసుక్కుంటూనే వింటాం.

ఆ దంపతులకు నిండు ఆరోగ్యాన్నీ సుదీర్ఘమైన ఆయుష్షునూ ప్రసాదించమని దేవుణ్ణి వేడుకుంటున్నాం. ఆయుష్షు విషయంలో మాత్రం ఆ దేవుడికి మా విన్నపం ఇంకొకటుంది. మా వినికిడి గది గోడ మీద, సరిత కుర్చీకి ఎదురుగా, భూషణం గారి దస్తూరీలో ఒక అట్టముక్క ఉంది. దేవుడు ఒకసారి వచ్చి అది చదువుకుని, దాని ప్రకారమే నడుచుకోవాలి. శబ్దం ఉన్నంతవరకు ముల్లు ఎవరూ లేపరాదు.