పడవ ఎక్కనివ్వని పాసు

హలో… ఆ, నేనే వదినా.

…బతికే ఉన్నాం. మీ తమ్ముడూ బతికే ఉన్నారు. అదిగో, రేవులో బల్ల మీద కూర్చుని నీళ్ళు చూస్తున్నారు. చూడ్డానికి పాసు అక్కర్లేదు కదా, అందుకని.

…వెటకారం కాదు, ఫిర్యాదు. అత్తయ్యా మామయ్యా అంత చదువు చెప్పించారు. ముప్పై ఏళ్ళు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దారు. అంతటి మనిషి మూడు వాక్యాల పాసు చదవలేక, నన్ను నిన్నటి నుంచి వంతెనలు ఎక్కించి దింపుతున్నారు.

…ఎన్నని చెప్పను! ఈ ఊళ్ళో వీధంటే కాలువ. కాలువ దాటాలంటే వంతెన. వంతెనంటే మెట్లు. ఎక్కుతాం, దిగుతాం, పదడుగులు వేస్తే మళ్ళీ… ఆ, ఎడమ మోకాలే. ఇవాళ కుడిది కూడా తనూ ఉన్నానని గుర్తుచేస్తోంది.

…పడవలు లేకేం! మా ముక్కు ముందు నుంచే తిరుగుతున్నాయి. చంటిపిల్లల బళ్ళు ఎక్కుతున్నాయి. కుక్కలు ఎక్కుతున్నాయి వదినా! కుక్కలకున్న యోగం మాకు లేదు.

…పాసు ఉంది. కానీ అది బస్సు పాసు. నీళ్ళ ఊరికి బస్సు పాసు కొన్న మొనగాడు లోకం మొత్తం మీద ఒక్కరే. ఆయన మీకు తమ్ముడు, నాకు మొగుడు.

…అయ్యో, చూడకుండా కొని ఉంటే నాకింత బాధ లేదు. నాలుగు నెలలు చూశారు! గళ్ళు గీసి పట్టిక వేశారు. ఒకరోజు పాసు, మూడురోజుల పాసు, వారం పాసు, అరవై దాటినవాళ్ళ పాసు… పెళ్ళికి కూడా అంత వడకట్టలేదు. నన్నైతే పది నిమిషాల్లో సరేనన్నారు. …ఆ, నవ్వండి, నవ్వండి. చివరికి మూడురోజులది, అన్నిట్లోకీ చవకది తేల్చారు. ‘బస్సూ పడవా రెండూ ఉన్నాయి, రాసి ఉంది’ అని ఇల్లంతా వినబడేలా చదివారు. పిండి కొద్దీ రొట్టె అని అప్పుడే అన్నాను.

…ఎలా తెలిసిందంటే — రేవు గేటు దగ్గర మెషిన్ ఉంటుంది. పాసు దానికి ఆనిస్తే పచ్చలైటు వెలిగి గేటు తెరుచుకుంటుంది. మొన్న ఊళ్ళోకి వచ్చేటప్పుడు బస్సులో ఆనిస్తే భేషుగ్గా వెలిగింది. నిన్న పొద్దున పడవ దగ్గర ఆనిస్తే… కిక్కురుమంటే ఒట్టు. కనీసం ఎర్రలైటు కూడా లేదు. అసలు మమ్మల్ని మనుషుల్లోనే జమకట్టలేదు. వెనక ఇరవై మంది వరస. అక్కడి ఉద్యోగి ఏదో అన్నాడు. భాష తెలీలేదు గానీ చెయ్యి తెలిసింది. పక్కకి జరగమని.

…ఆయనేమంటారు! ‘రాసి ఉందే, రాసి ఉందే’ అని రెండుసార్లు గొణిగారు. నేనూరుకుంటానా? ‘ప్రూఫులు చూసిన కళ్ళు కదా, లేని అక్షరాలు కూడా కనబడతాయి’ అన్నాను. అంతే, నా వంక చూడకుండా వంతెన మెట్ల వైపు నడిచారు.

…ఎక్కువైందంటారా? మీరు కాక ఇంకెవరు వెనకేసుకొస్తారు లెండి!

…టికెట్టు కొనొచ్చు. నిన్న సాయంత్రం ఆయనా అదే అన్నారు. పాసు చేతిలో పెట్టుకుని టికెట్టు కొనడమంటే, మేం మోసపోయామని మెళ్ళో బోర్డు కట్టుకోవడమే. ‘మీ తెలివికి తోడు ఇంకో టికెట్టు కూడానా’ అన్నాను.

…ఊఁ.

…తెలుసు వదినా. మర్చిపోతానా?

…లేదు. ఇంకా వెళ్ళలేదు. మీరు అప్పట్లో ఉన్న ఆ దీవికి నడిచి వెళ్ళే దారి లేదు.

…గుర్తుంది. అన్నయ్యగారు ఓడల మరమ్మతు పనికి వచ్చినప్పుడు మీరిద్దరూ కాపురమున్న ఇల్లు. రేవు దిగి ఎడమకి మూడోది, పైఅంతస్తు. ఆ కిటికీ ఫొటో ఒక్కటి తెమ్మన్నారు. అన్నయ్యగారు పోయాక మీరు మమ్మల్ని అడిగింది ఇదొక్కటే.

…రేపు పొద్దున్నే రైలు. ఆ, ఇవాళే ఆఖరు. చీకటి పడకముందు వెళ్ళి రావాలంటే ఇంకో పావుగంటలో వచ్చే పడవే. అందుకే ఈ రేవులో కూర్చున్నాం. కూర్చుని ఏం చేస్తామో ఇద్దరికీ తెలీదు.

…‘పోన్లే’ అనకండి వదినా. దానికన్నా తిట్టండి. ఆయన్ని.

…ఏమిటీ? …తప్పు చదవరంటారా? …నిజమే, దగ్గుమందు సీసా మీద చీటీ కూడా మూడుసార్లు చదివే మనిషే. అయితే మెషిన్ అబద్ధమాడుతుందా?

…బస్సులో ఆనించిందీ ఈ పాసులే. వేరేవి ఎక్కణ్ణుంచి వస్తాయి?

…నా హ్యాండ్‌బ్యాగులో. రెండూ భద్రంగా ఉన్నాయి.

…భద్రమంటే భద్రమే. ఊరికే పడేస్తానా? ఒట్టి అట్టముక్కలవి. మేం బస్సు దిగేసరికి వాన, ఆయన జేబులోనే ఒకదాని అంచు నానింది. ఇంక పడవలో చెమ్మ తగిలితే గోవిందా అని, గదికి రాగానే సూదీదారం తీసి రెండు గుడ్డ కవర్లు కుట్టాను. పాత స్కార్ఫు చింపి. బొత్తాం కూడా పెట్టాను. …లేదు, పైకి తియ్యక్కర్లేదు. బస్సులో ఒకావిడ పర్సుతో సహా ఆనించింది, చూసి నేర్చుకున్నాను.

…లోపలా? లోపల అస్తరు వేశాను. ఒట్టి గుడ్డయితే చెమ్మ పీల్చదూ?

…కాఫీపొడి ప్యాకెట్టు కత్తిరించి. లోపల వెండిరేకులా మెరుస్తుందే, అది. చుక్క నీరు దూరదు. గాలి కూడా —

…

…వదినా? ఉన్నారా?

…ఎందుకంత నవ్వు?

…రేకు అడ్డముంటే మెషిన్‌కి పాసు కనబడదా? …ఎవరు చెప్పారు? …మీరు పనిచేసిన లైబ్రరీలోనా? …ఈ పాసు అట్టలో ఉన్నలాంటి బిళ్ళలే పుస్తకాల్లోనూ అంటించేవారా! …రేకులో చుట్టి గేటు దాటించేసేవాళ్ళా! …అంటే ఇది పుస్తకాల దొంగల ఉపాయమా?

…బాగుంది. దొంగలు ఊరిమీద పడి దోస్తే, నేను నా పాసునే దోచుకున్నాను.

…సరే, తీసి చూస్తాను. పోయేదేముంది. ఫోను పెట్టెయ్యకండి. …బొత్తాం ఊడి రావడం లేదు, నా కుట్టు కదా… ఆఁ, వచ్చింది. …వెళ్తున్నా. …ఆనిస్తున్నా…

…

…వదినా.

…పచ్చది.

…గేటు కూడా తెరుచుకుంది. నేను కదల్లేదు, మళ్ళీ మూసుకుంది.

…ఆయన చూశారు. లేచి వస్తున్నారు. …‘మెషిన్ బాగుచేసినట్టున్నారే’ అంటున్నారు. ఎంత మంచి మాట! అదే ఖాయం చేసేద్దామా వదినా? నిన్న పాడైంది, ఇవాళ బాగైంది. ఎవరికీ ఏ నొప్పీ లేదు…

…కోప్పడకండి.

…నిన్న ఎలా ఉన్నారంటారా? …హోటల్లో మెనూ కార్డు నా చేతికిచ్చేశారు. ‘నువ్వే చదువు, నాకు చదవడం రావడం లేదు’ అన్నారు. …ఆ, అదే మాట. నేను గెలిచాననుకున్నాను.

…

…పడవ వస్తోంది. ఫొటో తీసి పంపిస్తాను, ఉంటాను మరి —

…ముందు అదా? ఇంతమందిలోనా? …పడవలో చెప్తాను. …పోనీ దీవి దిగాక. …మీరు లైబ్రరీలో కూడా ఇలాగే గుమ్మంలో నిలబెట్టి కక్కించేవారా?

…సరే. ఫోను చెవి దగ్గరే ఉంది. వినండి.

ఏమండీ… ఇటు రండి. మెషిన్ ఎవరూ బాగుచెయ్యలేదు. అది పాడైతే కదా. …ఈ కవరు లోపల చూడండి. రేకు. ఇదే పాసుకి అడ్డం పడింది. …ఆ, నేను కుట్టిందే. …మీ అక్కయ్య చెప్పారు, ఫోన్లో ఉన్నారు. …మీరు చదివింది సరిగ్గానే ఉంది, బస్సూ పడవా రెండూ. …

‘పద, పడవ పోతుంది’ అంటున్నారు వదినా. అంతే. తిట్టనైనా తిట్టలేదు. …అవును, తిడితే బాగుండేది.

…ఏమండీ, ఆగండి. సగమే చెప్పాను. కవరు తెలియక కుట్టాను. మీ కళ్ళ గురించి అన్న మాట మాత్రం తెలిసే అన్నాను. నలుగురి ముందూ అన్నాను. అది తప్పు. నాదే తప్పు.

…పెట్టేస్తున్నా వదినా. చెయ్యి పట్టుకుని ఎక్కిస్తున్నారు —